ఆ ఇల్లు ఎవరిదో ఆ బల్ల చెబుతుంది

గుండ్రని గాజు పలక. దాన్ని ఒక పక్క నుంచి మాత్రమే పట్టుకుని నిలబడ్డ ఉక్కు గొట్టాలు. కింద ఒక వైపు తెరిచి వదిలేసిన ఉక్కు వలయం. ఈ చిన్న బల్లను ఫర్నిచర్ దుకాణాల్లోనో హోటల్ గదుల ఫోటోల్లోనో చాలామంది చూసే ఉంటారు. దీనికి నకళ్లకూ కొదవ లేదు. బల్ల పేరు ఈ-1027. ఫ్రాన్సు దక్షిణ తీరంలో మొనాకోకూ మెంటన్‌కూ మధ్య రోక్‌బ్రూన్-కాప్-మార్తాన్ అనే ఊరుంది. అక్కడ సముద్రానికి ఎదురుగా నిలిచిన ఒక తెల్లటి ఇంటి పేరు కూడా ఇదే.

ఆ ఇంటి కథ చదవబోతే అడుగడుగునా చిక్కే. స్థలం ఒకరి పేరున ఉంది, ఏళ్ల తరబడి దగ్గరుండి కట్టించింది మరొకరు, గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసింది మూడో మనిషి. పేరు ప్రతిష్ఠలు మాత్రం చాలాకాలం దక్కాల్సినవారికి దక్కలేదు. ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నకు పుస్తకాల్లో రకరకాల సమాధానాలు దొరుకుతాయి. నా ఉద్దేశంలో గోడలనూ దస్తావేజులనూ కాసేపు పక్కన పెట్టి సామాను దగ్గర మొదలుపెడితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఐలీన్ గ్రే 1878లో ఐర్లండ్‌లోని ఎనిస్‌కోర్తీ దగ్గర ఒక కలిగిన కుటుంబంలో పుట్టింది. లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చిత్రలేఖనం చదివి, 1902లో పారిస్ చేరింది. అక్కడ సెయిజో సుగవారా అనే జపాను కళాకారుడి దగ్గర లక్క పని నేర్చుకుంది. చెట్టు నుంచి తీసిన పాలను చెక్క మీద పూసి, ఆరనిచ్చి, నునుపు చేసి, మళ్లీ పూస్తూ పోయే పని అది. ఒక్క తెర తయారు కావడానికి నెలలు పడుతుంది, ఆ పాలు తగిలితే చేతుల మీద దద్దుర్లు లేస్తాయి. గ్రే ఆ కష్టం ఏళ్ల తరబడి పడింది. 1922లో పారిస్‌లో ‘జాన్ దెజేర్’ పేరుతో సొంత దుకాణం తెరిచింది. ఆ పేరుగల మనిషి ఎవరూ లేడు. వ్యాపారం చేసేది స్త్రీ అని తెలియకుండా ఒక మగ పేరు పెట్టుకుంది, అంతే. ఆమె ఆర్కిటెక్చర్ ఏ కళాశాలలోనూ చదవలేదు. యాభై ఏళ్లు దగ్గరపడుతున్న వయసులో, చేతికి అలవాటైన వస్తువుల నుంచి గదిలోకీ, గది నుంచి ఇంటిలోకీ వచ్చింది. ఈ క్రమం గుర్తుపెట్టుకోవాలి. మొదట ఇల్లు కట్టి ఆ తర్వాత అందులోకి కుర్చీలు వెతికే పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు.

జాన్ బదోవిచి రొమేనియాలో పుట్టిన ఆర్కిటెక్ట్. 1923 నుంచి పదేళ్లపాటు పారిస్‌లో ‘లార్షితెక్చ్యూర్ వివాంత్’ అనే పత్రికకు సంపాదకుడు. ఐరోపాలో కొత్త వాస్తు గురించి మాట్లాడే వాళ్లందరూ అతనికి పరిచయస్తులే. గ్రే కంటే దాదాపు పదిహేనేళ్లు చిన్నవాడు, ఆమెకు ఆప్తుడు. ఇల్లు కట్టమని ప్రోత్సహించింది అతనే. స్థలం అతని పేరు మీదే తీసుకున్నారు. 1926లో మొదలైన పని 1929లో ముగిసింది. పేరులోని అంకెలకు రహస్యం పెద్దగా ఏమీ లేదు. ‘ఈ’ అంటే ఐలీన్. ఆంగ్ల అక్షరమాలలో పదోది ‘జె’, రెండోది ‘బి’, ఏడోది ‘జి’. జాన్ బదోవిచి పేరును ఐలీన్ గ్రే పేరు రెండు వైపులా చుట్టుకున్నట్టు అల్లిన సంకేతం అది.

ఆ రోజుల్లో ఐరోపాలో ఇంటి గురించి పెద్ద చర్చ నడుస్తోంది. ఇల్లంటే నివసించడానికి పనికొచ్చే యంత్రం అని ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లె కార్బూజియే 1923లో ప్రకటించాడు. నేలను వదిలి స్తంభాల మీద నిలబడే ఇల్లు, పైన తోటకు అనువైన చదునైన కప్పు, బరువు మోయనవసరం లేని గోడలు, ఈ కొస నుంచి ఆ కొస వరకు సాగే కిటికీలు ఆయన సూత్రాలు. ఈ-1027ను దూరం నుంచి చూస్తే ఆ సూత్రాలన్నీ కనిపిస్తాయి. ఇది కార్బూజియే కట్టిన ఇల్లేనని తర్వాతి రోజుల్లో కొందరు పొరబడటానికి ఒక కారణం అదే. కానీ గ్రే ఆ ‘యంత్రం’ మాటను ఒప్పుకోలేదు. ఇల్లు మనిషికి గుల్ల లాంటిదనీ, అతని దేహానికీ మనసుకూ కొనసాగింపనీ 1929లో బదోవిచితో సంభాషణ రూపంలో అచ్చయిన వ్యాసంలో వాదించింది.

ఈ వాదనకు రుజువులు ఇంటి లోపల ఉన్నాయి. గుమ్మం దగ్గర గోడ మీద అచ్చు అక్షరాల్లో ‘నెమ్మదిగా రండి’ అని ఫ్రెంచిలో రాసి ఉంటుంది. ఆ పక్కనే ‘నవ్వరాదు’ అనే చిలిపి హెచ్చరిక. లోపలికి అడుగుపెట్టగానే గది మొత్తం కంటబడదు. అలమరగానూ అడ్డుతెరగానూ పనికొచ్చే నిర్మాణం ఒకటి దారిని కొద్దిగా తిప్పుతుంది. అది దాటాకే పెద్ద గది, దాని అవతల సముద్రం. ఈ ఒక్క గదే కూర్చోవడానికీ, తినడానికీ, అతిథి పడుకోవడానికీ, పక్కన తెర చాటున స్నానానికీ సరిపోయేలా అమర్చి ఉంటుంది. గోడ మీద పెద్ద సముద్రపటం వేలాడుతుంటుంది. అలమరల మీద ‘దిండ్లు’, ‘పైజామాలు’ అని లోపల ఏముందో రాసి ఉంటుంది. ఇంట్లో పనిచేసేవాళ్లనో వచ్చిన అతిథినో ఎవరూ అడగనక్కర్లేకుండా ఇల్లే చెప్పేస్తుంది.

పడకగది తూర్పు ఎండ తగిలే చోట ఉంది. ఎండ ఏ వేళ ఎక్కడ పడుతుందో, గాలి ఎటు నుంచి వీస్తుందో గ్రే ముందుగానే గమనించి గదులు నిర్ణయించింది. మంచం తలవైపు చదువుకోవడానికి దీపం, దోమతెర లాగడానికి ఏర్పాటు ఉంటాయి. పరుపు మీద రంగు దుప్పట్లు వేయించింది, లేచాక సర్దకపోయినా చిందరవందర కంటికి కొట్టకుండా. టీ బల్ల పైభాగానికి కార్కు అంటించింది, కప్పులు పెట్టినప్పుడు చప్పుడు కాకుండా. పడకగదికీ స్నానాల గదికీ మధ్య నిలబెట్టిన అలమరకు అల్యూమినియం, కార్కు వాడింది. తలుపులు తెరిచినప్పుడు అదే చాటు కూడా అవుతుంది. అతిథి గది అద్దానికి ఒక చేయి ఉండి, దాని చివర మరో చిన్న అద్దం తిరుగుతుంది. గడ్డం గీసుకునేటప్పుడు మెడ వెనకభాగం చూసుకోవడానికి అది. వేసవిలో ఆ ప్రాంతపు ఆడవాళ్లు ఆరుబయట వండుకునే అలవాటు చూసి, గాజు పలకలు మడిస్తే బయటి చోటుగా మారిపోయే వంటగది చేయించింది.

ఇక ఆ బల్ల సంగతి. నాలుగు కాళ్ల బల్లను మంచం పక్కన పెట్టగలం కానీ మంచం మీదికి తేలేం. గ్రే బల్లకు కింద ఉన్న వలయం మంచం కిందికి జారిపోతుంది, గాజు పలక పడుకున్నవారి ఒళ్లో వరకు వస్తుంది. నిలువు గొట్టాల్లో ఒకటి మరో దానిలోకి దిగుతుంది. గొట్టానికి రంధ్రాలు ఉంటాయి, చిన్న గొలుసుకు కట్టిన శీల ఒకటి వాటిలో దూరుతుంది. శీల తీసి, పలకను పైకెత్తి, మళ్లీ గుచ్చితే ఎత్తు మారుతుంది. సుమారు 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెంచుకోవచ్చు. పక్క మీద రొట్టె పొడి రాలకుండా ఫలహారం చేయడం తన అక్కకు ఇష్టమని గ్రే దీన్ని చేసిందని చెబుతారు. ఆ కథ ఎంత నిజమైనా, బల్ల ఆకారం మాత్రం అదే చెబుతుంది. ఒక్క కాలే ఎందుకుంది? రెండో కాలు ఉంటే మంచానికి తగులుతుంది. వలయం ఒక వైపు ఎందుకు తెరుచుకుని ఉంది? మంచం కాలో కుర్చీ కాలో దానికి అడ్డుపడకుండా. ఎత్తు ఎందుకు మారాలి? ఒకసారి పడుకుంటాం, ఒకసారి కూర్చుంటాం, ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. అందంగా కనిపించే ప్రతి గీత వెనుకా ఒక దేహపు అవసరం ఉంది.

కుర్చీలూ ఇదే తీరు. ఒక కుర్చీకి ఒకే చేయి ఉంటుంది. రెండో వైపు ఖాళీగా వదిలితే అటు తిరిగి కూర్చోవచ్చు, వంగి మాట్లాడవచ్చు. ‘ట్రాన్సాట్’ అనే కుర్చీ ఓడల పైఅంతస్తులో వేసుకునే పడక కుర్చీ నుంచి వచ్చింది. చెక్క చట్రం, మధ్యలో వేలాడే మెత్త, తల వాల్చుకునే భాగం విడిగా కదులుతుంది. ‘బిబెండమ్’ కుర్చీకి వీపూ చేతులూ ఒకదానిపై ఒకటి పేర్చిన లావుపాటి చుట్టలు. మిషెలిన్ టైర్ల కంపెనీ ప్రకటనల్లోని బొమ్మ పేరే దానికి పెట్టింది.

ఇంటికి తగ్గ సామాను అనే మాటను ఇక్కడ కాస్త జాగ్రత్తగా వాడాలి. అన్నీ ఈ ఇంటి కోసమే పుట్టలేదు. ట్రాన్సాట్ కుర్చీలను గ్రే తన దుకాణంలో ఇతరులకూ అమ్మింది. వాటిలో ఒకటి మన దేశానికీ వచ్చింది. ఇందూరు మహారాజు రెండో యశ్వంత్ రావు హోల్కర్ 1930ల మొదట్లో ఎకార్ట్ ముతేసియస్ అనే జర్మన్ యువకుడితో మాణిక్ బాగ్ భవనాన్ని కట్టించుకున్నాడు. ఆనాటి ఐరోపా నుంచి తెప్పించిన సామానులో గ్రే ట్రాన్సాట్ కూడా ఉంది. ఆ రాజభవనపు సామాను 1980లో మొనాకోలో వేలానికి వెళ్లింది. ఇందూరులో ఆ కుర్చీ గొప్ప వస్తువుల మధ్య మరో గొప్ప వస్తువు. ఈ-1027లో అదే కుర్చీ సముద్రం వైపు కిటికీకి ఎదురుగా, ఓడ మీద కూర్చున్న భావం కలిగించడానికి ఉంది. వస్తువు అదే అయినా చేసే పని వేరు. కాబట్టి ఆ వస్తువు ఆ ఇంట్లో ఏ పని చేస్తోందన్నదే అసలు ప్రశ్న. అది ఎక్కడ పుట్టిందన్నది రెండో మాట.

ఇప్పుడు ఎవరిది అనే ప్రశ్నకు వద్దాం. 1929లో బదోవిచి తన పత్రిక ప్రత్యేక సంచికలో ఇంటిని ప్రచురించినప్పుడు ఇద్దరి పేర్లూ వేశాడు. అతని పాలు లేదనడం అన్యాయం. స్తంభాలూ, పైకప్పు మీదికి వెళ్లే మెలికల మెట్లూ వంటి సాంకేతిక విషయాల్లో అతని సలహా ఉంది. తెరలా మడిచి పక్కకు జరిపే కిటికీల పద్ధతి అతని పేరు మీదే ఉంది. కానీ ఆ మూడేళ్లూ పనివాళ్ల మధ్య ఎక్కువగా ఉన్నది గ్రే. బండి వెళ్లే రోడ్డు లేని ఆ కొండవాలుకు సామగ్రిని తోపుడుబండ్ల మీద చేర్చుకుంటూ కట్టించింది. గదుల కొలతలు మంచం, కుర్చీ, అలమరల కదలికలను బట్టి వచ్చాయి. అలమరే గోడగా, తెరే తలుపుగా మారే ఇంట్లో సామాను ఒకరిదీ ఇల్లు మరొకరిదీ అని విడదీయడం సాధ్యం కాదు. సామాను గ్రేది అని అందరూ ఒప్పుకుంటారు. అది ఒప్పుకున్నాక ఇల్లు ప్రధానంగా ఆమెదని ఒప్పుకోక తప్పదు.

ఆమె అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. 1930ల మొదట్లోనే బదోవిచికి ఇల్లు వదిలేసి, కొండల్లో కాస్తెలార్ దగ్గర తన కోసం మరో చిన్న ఇల్లు కట్టుకుంది. బదోవిచి స్నేహితుడైన లె కార్బూజియే ఈ-1027లో అతిథిగా దిగేవాడు. 1938లో ఆయన గ్రేకు ఉత్తరం రాశాడు. ఇంటి లోపలా వెలుపలా అమరికను నిర్ణయించిన అరుదైన దృష్టినీ, ఆధునిక సామానుకు ఆమె ఇచ్చిన రూపాన్నీ అందులో మెచ్చుకున్నాడు. అంటే ఇంటి కర్త ఎవరో, సామానూ ఇల్లూ ఒకే బుర్రలో పుట్టాయని ఆయనకు బాగా తెలుసు.

తెలిసీ 1938, 1939 సంవత్సరాల్లో బదోవిచి అనుమతితో ఆ ఇంటి గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేశాడు. గ్రేను అడగలేదు. ఒంటి మీద బట్టలు లేకుండా నిలబడి గోడకు రంగులు వేస్తున్న ఆయన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ‘నెమ్మదిగా రండి’ అన్న అక్షరాలున్న గుమ్మపు గోడను కూడా ఆయన చిత్రం ఆక్రమించింది. కొన్నేళ్లకు ఆ చిత్రాలను అచ్చు వేయించినప్పుడు గ్రే పేరు ఎత్తలేదు. గ్రే దాన్ని విధ్వంసమే అంది.

చండీగఢ్ కట్టిన ఆ మనిషి ప్రతిభ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా ఈ విషయంలో నేను గ్రే పక్షమే. ఆ చిత్రాలు విడిగా మంచివా చెడ్డవా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆమె గోడలు ఖాళీగా ఉండటానికి కారణం ఉంది. కంటిని సముద్రం వైపు పంపడానికీ, చేతిని అలమర మీది అక్షరాల వైపు నడపడానికీ వాటిని అలా వదిలింది. ఆ పనిని చిత్రాలు పాడుచేశాయి. ఖాళీ గోడ కూడా ఆ ఇంటి సామానులో భాగమే.

కార్బూజియే 1952 నాటికి ఆ ఇంటికి వెనుక, కొద్ది అడుగుల దూరంలో, తన కోసం చిన్న చెక్క గుడిసె కట్టుకున్నాడు. దాని కొలత 3.66 మీటర్ల చదరం. మంచం, బల్ల, పెట్టెలు అన్నీ ఆయన రూపొందించినవే. ఇల్లూ సామానూ ఒకటిగా పుట్టిన రెండో ఉదాహరణ ఇలా మొదటిదాని పక్కనే దొరుకుతుంది. రెండింటినీ పోల్చి చూడటం నాకు చాలా ఇష్టం. గుడిసె కొలతలు ఆయన కనిపెట్టిన ‘మాడ్యులోర్’ పద్ధతిలోవి. 1.83 మీటర్ల ఎత్తున్న ఒక ఆదర్శ పురుషుడు దానికి కొలబద్ద. 3.66 అంటే ఆ మనిషికి సరిగ్గా రెట్టింపు. గ్రే బల్లకు అలాంటి ఆదర్శ మనిషి లేడు. దానికి ఉన్నది వరుస రంధ్రాలూ, గొలుసుకు కట్టిన శీలా. ఎవరు కూర్చుంటే వారి కొలత. ఆధునిక వాస్తులో ఈ రెండు ఆలోచనలూ పక్కపక్కనే పెరిగాయి. పాఠ్యపుస్తకాల్లో మొదటిదానికి దక్కిన చోటు రెండోదానికి దక్కలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. యుద్ధకాలంలో ఇంట్లో దిగిన సైనికులు గోడల మీద తుపాకులు పేల్చారు. 1956లో బదోవిచి చనిపోయాడు. 1960లో ఇల్లు కార్బూజియేకు తెలిసిన ఒక స్విస్ మహిళ చేతికి వచ్చింది. 1965 ఆగస్టు 27న కార్బూజియే ఆ తీరంలోనే ఈతకు దిగి మరణించాడు. తర్వాతి యజమాని కాలంలో, 1990ల మొదట్లో, ఇంట్లోని అసలు సామాను వేలానికి పోయింది. పారిస్‌లోని పాంపిడూ కేంద్రం అనే మ్యూజియం దానిలో కొంత కొన్నది. ఆ తర్వాత ఇల్లు పాడుబడింది. ఉప్పుగాలికి కాంక్రీటు లోపలి ఇనుము తుప్పుపట్టి, పెచ్చులు రాలాయి. 1999లో ఫ్రాన్సు తీరప్రాంత పరిరక్షణ సంస్థ దాన్ని కొన్నది. మరమ్మతు ఏళ్ల తరబడి సాగి, 2015 నుంచి సందర్శకులను అనుమతించారు, 2021 నాటికి ప్రధాన పనులు ముగిశాయి.

గ్రేకు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1968లో జోసెఫ్ రిక్వర్ట్ అనే చరిత్రకారుడు ఇటలీ పత్రిక ‘డోమస్’లో ఆమె గురించి రాశాడు. 1970ల మొదట్లో లండన్‌లో జీవ్ ఆరమ్ అనే ఫర్నిచర్ వ్యాపారి ఆమెతో ఒప్పందం చేసుకుని ఈ-1027 బల్లనూ బిబెండమ్‌నూ మళ్లీ తయారు చేయించాడు. తొంభై దాటిన ఆమె ఆ నమూనాల పనిలో స్వయంగా పాలుపంచుకుంది. 1976లో 98వ ఏట చనిపోయింది. 2009లో ఆమె తొలినాటి లక్క కుర్చీ ఒకటి పారిస్ వేలంలో 2 కోట్ల 19 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. 20వ శతాబ్దపు సామానులో అప్పటికి అంత ధర మరే వస్తువుకూ రాలేదు.

మరమ్మతు చేసినవాళ్ల ముందు రెండు కష్టమైన ప్రశ్నలు నిలిచాయి. మొదటిది, చిత్రాలను ఏం చేయాలి? అవి కూడా ఇప్పుడు చరిత్రే, చట్టపు రక్షణలో ఉన్నాయి. ఉంచారు. నాకు బాధగా ఉన్నా, చెరిపేయమని అడగలేను. చెరిపితే గ్రేకు జరిగింది ఏమిటో చూపే సాక్ష్యం కూడా పోతుంది. రెండోది సామాను. అసలువి మ్యూజియంల చేతుల్లో, సొంత సేకరణల్లో ఉన్నాయి. అవి లేని ఇల్లు ఖాళీ డబ్బా. అలమర లేకపోతే గది మలుపు తిరగదు, తెర లేకపోతే స్నానపు మూల మూల కాదు. అందుకే 1929 నాటి సంచికలోని ఫోటోలూ, నక్షాలూ, దొరికిన అసలు ముక్కలూ ఆధారంగా ఆ వస్తువులను మళ్లీ చేయించి, అవి ఉండవలసిన చోటే పెట్టారు. కొత్తగా చేసిన వస్తువును పాత ఇంట్లో పెట్టడం పరిరక్షణ నియమాలకు విరుద్ధమని వాదించేవారు ఉన్నారు. వేరే ఇంటి విషయంలో అయితే నేనూ ఆ వాదన వినేవాణ్ణి. ఇక్కడ మాత్రం ఆ అలమరను తీసేయడం ఒక గోడను పడగొట్టడంతో సమానం.

2016లో యునెస్కో కార్బూజియే నిర్మాణాలు పదిహేడింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అసెంబ్లీ, సచివాలయం, హైకోర్టు ఉన్న చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్‌తో పాటు ఆ చెక్క గుడిసె కూడా అందులో ఉంది. కొద్ది అడుగుల దూరంలోని ఈ-1027 అందులో లేదు. అది కార్బూజియే ఇల్లు కాదు కనుక ఆ జాబితాలో ఉండటానికి వీల్లేదు, ఆ మేరకు నిర్ణయం సరైనదే. గ్రే పేరు మీద మరో ప్రతిపాదన పెట్టాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.